గేటుకి మిగిలిన రంగు

“రంపం వద్దు మావా. రంపంతో కోస్తే దాని పొడి లోపల పడుద్ది. అప్పుడు ఇంజిను రాల్చిన ఇనుమేదో, రంపం రాల్చిన ఇనుమేదో ఎవలికీ తెల్దు.”

“ఏటితో కోత్తావో నీ ఇష్టం బాబీ. కొయ్యి. లోపల ఏటున్నాదో నాను సూడాల.”

టెక్కలి శివారులో హైవే పక్కన బాబీ మెకానిక్ షెడ్డు. బల్ల మీద మసి, బురద గట్టిన పాత కారు ఆయిల్ ఫిల్టరు. బల్లకి ఇటు ఈశ్వరరావు, అటు అతని చనిపోయిన భార్య మహాలక్ష్మి తమ్ముడు దిలీప్.

“దిలీప్‌ని ఎందుకు లాక్కొచ్చినావు మావా? మీ ఇద్దరికీ మాటల్లేవు కదా.”

“పదకొండు నెలలై లేవు. వచ్చే గురువారం మహాలక్ష్మి సంవత్సరీకం. ఈడు నా గుమ్మం తొక్కాలో వద్దో ఈ ఫిల్టరు సెప్పాల. కారుకి ఆయిల్ మార్సినోడు ఈడు, తోలినోడు ఈడు. దానికి గుండె నొప్పని ఆసుపత్రికి తీసుకొత్తంటే మూలపేట రోడ్డులో ఇంజిను పట్టేసినాది. పోర్టు లారీ ఒక్కటీ ఆగనేదు. నాను పలాస జీడిపప్పు బజార్లో ఉన్నాను. ఫోనొచ్చేతలికి అది సీట్లోనే పోనాది. ఈడేం సేసినాడో ఇయాల నీ నోటితో ఇంటాను. ఈడి ముందే.”

“నాను ఇంజిన్లకి డాక్టర్ని మావా, పంచాయితీ పెద్దని కాను. మీ ఇంటి గొడవలో నన్నెట్టకండి.”

“నీ నోటికి భయమైతే సేతికి పని సెప్పు. కొయ్యి.”

“బావా…”

“నువ్వు మాటాడకు.”

“అది కాదు బావా. ఇంటికెల్లి మాటాడుకుందాం. పోనీ, తప్పు నాదే. నానే సేసినాను. ఒప్పుకున్నాను కదా. ఆ డబ్బా కొయ్యొద్దు.”

“సూసినావా బాబీ? ఇంకా కత్తి ఎట్టనేదు, అప్పుడే ఒప్పీసుకున్నాడు. బేగి కొయ్యి. ఆ కత్తీ తుప్పేనా? ఏం షెడ్డురా ఇది, ఎక్కడ ముట్టుకున్నా తుప్పే. నా ఇంట్లో బకెట్టు కాడ్నించి గేటు దాకా రంగు తగలని ఇనుం ఉన్నాదేమో సూడు.”

“నువ్వు మేకుకి కూడా రంగేసి దాత్తావని ఊరంతా నవ్వుద్ది మావా.”

“నవ్వనీ. పనికొచ్చేదాన్ని నాను పారెయ్యను. కొయ్యి.”

“దిలీప్, నువ్వా స్టూలు మీద కూకో. నీ మొకం సూత్తే నాకు సెయ్యి ఆడట్లేదు… ఇదిగో మావా, అంచు తెగింది. వాసన సూడు.”

“మసి వాసన.”

“మాడు వాసన. ఆయిల్ అందక ఇంజిను మాడిపోనాది. ఈ కాగితం మడతలు ఇప్పుతాను, సూడు. మంచి ఫిల్టరైతే ఇయి దువ్వినట్టు వరసగా నిలబడాల.”

“అతుక్కుపోనాయి.”

“సిరిగిపోనాయి కూడా. ఆ ముక్కలెల్లి ఆయిల్ దారికి అడ్డం పడినాయి. ఈ తళుకు సూడు. అయస్కాంతం ఎట్టినా అంటుకోదు. బేరింగు రాల్చిన పొడి ఇది.”

“అంటే ఫిల్టరే సంపినాది.”

“ఇంజిన్ని, మావా.”

“నా ఇంటిదాన్ని. సెప్పు దిలీపూ, ఏ దొంగ కొట్లో కొన్నావు? నోరు పడిపోనాదా? పదకొండు నెలలై అడుగుతున్నాను.”

“అడగనేదు బావా. తిట్టినావు. ఒక్కసారీ అడగనేదు.”

“ఓహో, నాకు మాటలు నేర్పుతున్నాడు!”

“ఉండు మావా, ఉండు. ఇది ఎప్పుడు ఎట్టిన ఫిల్టరు?”

“అది పోవడానికి వారం ముందు. ఆ వారంలో కారు నూరు కిలోమీటర్లు కూడా తిరగనేదు. ఆ రోజు నుంచీ పరదా కిందే ఉన్నాది. నిన్న నానే ఇప్పి తెచ్చినాను.”

“అలాగైతే ఇది కొత్తది కాదు. ఈ రబ్బరు సూడు, గోరుతో గుచ్చితే గుంట పడాల. గాజులాగ గట్టిపడిపోనాది. ఏళ్ళ తరబడి వేడి తిన్న రబ్బరు ఇది. వాడేసిన ఫిల్టర్ని డీజిల్లోనో కిరసనాయిల్లోనో కడిగినారు. కడిగితే కాగితానికి బలం ఉండదు. ఏ ఎదవ సేసినాడో గానీ ఆడ్ని సెప్పుతో కొట్టాల.”

“కొడతాను. ఇక్కడే కొడతాను. ఇన్నావా దిలీపూ? కడిగిందంట! సొంత అక్క ఎక్కే బండికి! నీకు అన్నం కలిపి ఎట్టి పెంచినాదిరా అది.”

“ఇన్నాను బావా. కొట్టు. కొట్టీసి ఎల్లిపోదాం, రా.”

“ఎందుకంత తొందర? ఎవలు కడిగినారో తేలాల. బాబీ, డబ్బా మీద కంపెనీ పేరుంటాది కదా? బురద తుడువు.”

“తుడవకు బాబీ. నీకు దండం ఎడతాను.”

“తుడువు!”

“అరవకు మావా, పక్క షెడ్డోళ్ళు సూత్తన్నారు. తుడుత్తన్నాను… పేరు నేదు. పేరు మీంచే రంగేసీసినారు.”

“దొంగనాయాళ్ళు. కొత్తదని నమ్మించడానికి.”

“అలాగ లేదు మావా. మోసం సేసేవోడు మిషన్‌తో నున్నగా కొడతాడు. ఇది బ్రష్షుతో ఏసినారు, రెండు పూతలు. కారినకాడ గడ్డకట్టింది కూడా. తలుపులకేసే రంగు ఇది. తుప్పు పట్టకుండా ఏసినట్టున్నాది. మన సముద్రం గాలికి ఇనుం నిలవదు కదా.”

“ఏం రంగు?”

“ఆకుపచ్చ.”

“ఎలాటి… ఎలాటి ఆకుపచ్చ?”

“ఎలుగులోకి రా, సూడు. సిలకపచ్చ కాదు, ముదురు. కాత్త నీలం కలిసినట్టు. మీ ఇంటి గే…”

“సాలు.”

“ఏటైనాది మావా?”

“సాలన్నాను. దాని మీద గుడ్డ కప్పీ.”

“లోపలి గొట్టం ఇంకా సూడనేదు. ఇక్కడ కొయ్యాల…”

“కొయ్యొద్దు! కొయ్యొద్దు బాబీ. నీళ్ళున్నాయా?”

“కూకో మావా. ఓలబ్బా, ఎంత సెమట! ఇదిగో, తాగు. దిలీప్, కాత్త పట్టుకో, పడిపోతాడు.”

“మెల్లిగా బావా.”

“అది తోటలో నీళ్ళింజిను కోసంరా. కారుకి కాదు. నీళ్ళింజినుకి ఏదైతేనేటి? కారులోంచి తీసిన పాతదాన్ని కడిగి, ఆరబెట్టి, గేటుకి మిగిలిన రంగేసి అటక మీద ఎట్టినాను. కారుకి ఎయ్యమని నానన్నానా? ఎప్పుడైనా అన్నానా? నువ్వెక్కినావా అటక?”

“అక్క ఎక్కింది.”

“దానికేటి తెలుసు ఫిల్టర్ల సంగతి?”

“ఏటీ తెల్దు బావా. రంగు మెరుత్తంటే కొత్తదే అనుకుంది. ‘మీ బావ కొని దాసినాడు, ఇదే ఎయ్యి’ అంది. అట్టపెట్టి ఏదక్కా అన్నాను. నాకు అనుమానమొచ్చింది. టెక్కలి ఎల్లి కొత్తది తెత్తానన్నాను.”

“మరి తేనేదేటి?”

“‘ఇంట్లో ఉండగా కొన్నామని తెలిత్తే ఇల్లు పీకి పందిరేత్తాడు, ఎయ్యరా’ అంది. నీకు ఫోన్ సేసి అడుగుదామన్నాను. అడిగినా అరుత్తావని నా సేతిలో ఫోను లాక్కుంది. నాకూ భయమే బావా. డ్రైవర్ని, నాకు తెలిసుండాల. ఎట్టీసినాను.”

“అంతలాగ అరిసేవోణ్ణా నాను? సెప్పు. అంతలాగ అరుత్తానా?”

“నీళ్ళు తాగు బావా.”

“బాబీ, నువ్వు సెప్పరా. నువ్వు బయటోడివి.”

“ఇందాకే కదా మావా అరిసినావు. అతను దండం ఎడుతున్నా, నాను భయపడి తుడిసినాను.”

“పదకొండు నెలలు… రచ్చబండ మీద, బస్సులో, నీ పెల్లాం ముందు కూడా నిన్ను అక్కని సంపినోడన్నాను. ఇన్నావు కదా. ఎందుకు సెప్పనేదురా?”

“మాటిచ్చినాను.”

“మాటేటి, ఎవలికి… పోనీ, ఒగ్గీ. వద్దు, నాకు సెప్పొద్దు. బాబీ, నువ్వు కాత్త అవతలికెల్లు.”

“ఎల్లిపోతన్నాను మావా. నాను ఏటీ ఇననేదు.”

“దిలీపూ. గురువారం రా. పొద్దున్నే రా. పుట్టింటి బట్టలు నువ్వే ఎట్టాల. నీకు పీట నానే ఏత్తాను.”

“వత్తాను బావా.”

“కానీ ఇది… భార్గవి వత్తాది కదా ఆ రోజు. ఒక్కగానొక్క కూతురు. అమ్మ ఎందుకు పోనాదని అది నన్ను అడిగినప్పుడల్లా నీ పేరే సెప్పినాను. ఇప్పుడు ఈ గేటు రంగు సంగతి తెలిత్తే నా మొకం సూడదు. నాకు భయమేత్తన్నాదిరా. నీ కాళ్ళట్టుకుంటాను, ఎవలికీ సెప్పకు.”

“కాళ్ళు ఒగ్గు బావా, లెగు. ఆ రోడ్డు మీద అక్క కూడా ఇలాగే నా సెయ్యి పట్టుకుంది. ఊపిరి అందట్లేదు, అయినా ఆసుపత్రి అననేదు, నీళ్ళు అననేదు. ‘అటక మీద దాన్నే ఎట్టినామని మీ బావకి సెప్పకురా’ అంది.”