తోకచక్రం విమానానికి నేలబీమా

సభకు పెద్దగా కూర్చున్న రాజారాం గారికి, దాజీ పేట్ నేతపెద్దలకు, బీమా కంపెనీలోని నా తోటివారికి, వెనక వరుసలో ఉన్న చంద్రభాగమ్మ గారికి నమస్కారాలు. మగ్గాలకు నిప్పంటుకుంటే ఏం చేస్తారని ముప్పై ఏళ్లు మిమ్మల్ని భయపెట్టి బతికిన ఈ పెంటప్పకు మీరే శాలువా కప్పడం మీ మంచితనం. (నవ్వులు)

అయితే నన్ను భయపెట్టిన బీమా ఒకటుంది. చంద్రభాగమ్మ భర్త అంబాదాస్ సేఠ్ యుద్ధం తర్వాత అమ్మకానికొచ్చిన చిన్న విమానం కొన్నారని మీకు తెలుసు. దాని మూడో చక్రం తోక కింద ఉండేది. అలాంటివి దిగి నేల మీద పరుగెత్తేటప్పుడు తోక పక్కకు విసిరి తిరగబడతాయని, యాభై ఒకటిలో కంపెనీ బీమా కిస్తు రెండింతలు చేసింది.

"ఏంది పెంటప్పా, చక్రం ముందల గాక ఎన్క ఉంటే గింత జుర్మానానా?" అన్నారు సేఠ్.

"ఎగరదు, షెడ్డులనే ఉంటదని రాసియ్యి సేఠ్. కిస్తు సగం గూడ కాదు" అన్నాను. ఆ నేలబీమా కాగితం మీద సంతకం పెట్టారు. మంచి సలహా ఇచ్చానని మురిసిపోయాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, వాన వెలిశాక, మేమిద్దరం కొంతం చౌక్‌లో చాయ్ తాగుతుంటే నెత్తిమీద ఆ విమానం మోత వినిపించింది. ఆకాశంలో ఏమీ లేదు. టాంగా కట్టించుకుని విమానం ఉంచిన మైదానానికి పరుగెత్తాం. షెడ్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల విమానం చక్రాలకు మట్టి లేదు, ఇంజను మీద చెయ్యి పెడితే మాత్రం చురుక్కుమంది. బయట తడినేల మీద రెండు లావు గీతలు, మధ్యన ఒక సన్నగీత, తిన్నగా వచ్చి, కుడికి గిర్రున తిరిగి, కంచె దగ్గర ఆగిపోయాయి.

"ఇంట్ల చెప్పకు, ఆమె భయపడ్తది. పుణెకు తీస్కపోయి అమ్మేస్త" అన్నారాయన.

"గాలిల లేస్తే కాగితం చెల్లదు సేఠ్" అన్నాను. అంతే అన్నాను. పోవద్దని అనలేదు.

ఆ తర్వాతి గురువారం పొద్దున పుణెకని సేఠ్ లేపిన విమానం ఎదురుగాలికి తిరిగొచ్చి దిగింది. తోక విసిరింది. కుడికి తిరిగి అదే కంచెలో పడింది. సేఠ్ పోయారు. కంపెనీ పైసా ఇవ్వలేదు, కాగితం ప్రకారం అది సరైనదే. చంద్రభాగమ్మ మగ్గాలమ్మి, బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకారు. అమ్మా, ఆ గీతల సంగతి మీకు చెప్పి ఉంటే ఆయన్ని ఆపేవారు. ఆరేళ్లు నోరు రాలేదు. క్షమించండి.

(చంద్రభాగమ్మ లేచి నిలబడ్డారు. "ఆ గీతలు నేను గూడ చూసిన, పెంటన్నా. ఆయినెకు షెడ్డు కాడికి బువ్వ తీస్కపోయిన నాడు చూసిన. ఆయినె చూస్తే దిగులువడ్తడని కాళ్లతోని చెరిపేసిన" అన్నారు.)

ముగ్గురం చూశామన్నమాట. ముగ్గురం ఒకరికొకరం దాచుకున్నాం.

ఇంకా ఏదో చెప్పాలని రాసుకొచ్చాను, చదవలేను. ఓపికగా విన్న మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. సెలవిప్పించండి.