పైవాడి జేబులో గుండె

వాచీల దుకాణంలో మధ్యాహ్నం వేళ, గాజుబల్లకి ఇటు కొట్టు యజమాని, అటు ఒకే ఒక్క బేరం. బల్ల మీద అప్పటికే ఆరు రకాల చేతి బ్యాండ్లు పరిచి ఉన్నాయి. యజమాని గొంతు వీధి మలుపుదాకా వినిపిస్తోంది.

"...అదండీ దీని గొప్ప. కట్టుకున్నవాళ్ళు వదిలేసి పోతారేమో గానీ, కట్టుకున్న బ్యాండు వదలదు. లాగండి మేస్త్రిగారూ, గట్టిగా లాగండి. మొహమాటపడకండి."

"లాగాను. ఊడలేదు."

"ఊడదు. నా జుట్టు ఊడింది గానీ, నా కొట్లో కొన్న బ్యాండు ఊడిందని ఇంతవరకూ ఒక్కరూ రాలేదు."

"నేను మేస్త్రిని కాదు సార్."

"చేతులకి సున్నం కనబడితేనూ, అలా అనుకున్నా."

"సున్నం కాదు, బ్లీచింగు. ట్యాంకులు కడుగుతాం."

"అయితే మరీ మంచిది. ఇది నీళ్ళల్లో పడ్డా నీళ్ళు నమలదు. బ్లీచింగు పడితే ఇంకా నిగనిగలాడుతుంది. రోజుకి పదివేల అడుగులు వేయండి, ఒక్కటి లెక్క తప్పితే నన్నడగండి."

"మాకు పద్దెనిమిది అడుగులు చాలు."

"పద్దెనిమిదా? మంచం దిగి బాత్రూముకి పోవడానికే చాలవు కదండీ."

"నడిచే అడుగులు కాదు సార్. లోతు."

"ఓహో, ఆ అడుగులా. అడుగున ఉండే అడుగులు. ముందే అడక్కపోవడం నా తప్పు."

"నేల ట్యాంకు. చుట్టూ సిమెంటు గోడ, పైన ఇంత మూత. రేపు పొద్దున్నే ఒకటి దిగాలి. దిగినవాడి చేతికి బ్యాండు, పైన కూర్చున్నవాళ్ళ దగ్గర ఫోను. లోపల గుండె కొట్టుకుంటోందో లేదో పైకి తెలియాలి. ఇంకెందుకూ కాదు."

"గుండె కొట్టుకోవడమేగా, సెకను సెకనుకీ చూపిస్తుంది. మా ఆవిడ తల కొట్టుకోవడం ఒక్కటే చూపించదు, అది నేను స్వయంగా చూడాలి."

"నిచ్చెనకి కొట్టుకుంటే?"

"నిచ్చెన వంగుతుంది, ఇది వంగదు."

"పడితే?"

"మేడ మీంచి పడేసి చూశామండీ. గీత పడలేదు."

"బ్యాండు కాదు, మనిషి."

"మనిషి పడితే... ఇదిగో, ఈ ఖరీదుదానికి ఒక ఏర్పాటుంది, మనిషి పడ్డాడని ఫోనులో గంట మోగిస్తుంది. చార్జి పద్నాలుగు రోజులు. మా బావమరిది ఏ ఉద్యోగంలోనూ పద్నాలుగు రోజులు చార్జిలో లేడు."

"సిమెంటు గోడ అవతల్నుంచి పనిచేస్తుందా?"

"ఇల్లంతా పనిచేస్తుంది. నేను స్నానానికి వెళితే మా ఆవిడ హాల్లో కూర్చుని ఫోనులో చూసుకుంటుంది, మొగుడు ఉన్నాడా, కాలువలో కొట్టుకుపోయాడా అని."

"మీ స్నానాల గది తలుపు దేంతో చేసింది?"

"ప్లాస్టిక్. ఎందుకూ?"

"ఊరికే."

"నిద్ర కూడా కొలుస్తుందండోయ్. ఎంతసేపు గాఢనిద్ర, ఎంతసేపు కలత నిద్ర, ఎంతసేపు పడుకున్నట్టు నటన, అన్నీ చెప్పేస్తుంది."

"ఎవరు నిద్రపోయారో చెబుతుందా?"

"కట్టుకున్నవాడు పోతే చెబుతుంది."

"కట్టుకోనివాడు?"

"కట్టుకోనివాడి సంగతి దానికెందుకండీ?"

"అదే. ఆ సంగతి ఎవరికీ తెలియదు."

"ఏమన్నారూ?"

"ఏం లేదు. ఇక్కడ నల్లది ఒకటి ఉండేది. నీలం బకిలుది."

"ఎక్కడ?"

"ఇదిగో, ఈ గాజు పగులుంది చూడండి, దాని పక్కన."

"అది పాత మోడలండీ. దాన్నిప్పుడు ఎవరూ కట్టడంలేదు, నాలుగు నెలలకే ముసలిదైపోయింది. ఈ కొత్తది చూడండి."

"అదే కావాలి."

"మునుపు మా కొట్టుకి వచ్చారా?"

"ఉందా, అయిపోయిందా?"

"ఒకటో రెండో లోపల ఉండాలి. మీకేనా?"

"మా వాళ్ళకి."

"మీవాళ్ళంటే?"

"మావాళ్ళే సార్. తెండి."

"ఇంతసేపూ దెబ్బకి ఆగుతుందా, నీళ్ళకి ఆగుతుందా అని ప్రాణం తోడేసి, తీరా పాతదానికి వచ్చారేమిటండీ?"

"అది ఆగుతుంది. చూశాను. గీత పడలేదు, బకిలు ఊడలేదు. తడి తుడిస్తే కొత్తదానిలాగే ఉంది."

"చూశారా? అదీ సరుకంటే. ఉండండి, తెస్తా... ఇదిగో. దుమ్ము దులపనివ్వండి. దీన్ని చూస్తే ఒక సంగతి గుర్తొస్తోంది నాకు. అన్నదమ్ములిద్దరు వచ్చి కొన్నారు. చిన్నాయన చెవులదాకా నవ్వేవాడు. నేను ఒక మాట అంటే తను రెండు అంటాడు. ముప్పై ఏళ్ళలో ఈ బల్ల దగ్గర నా నోరు మూయించినవాడు ఆయన ఒక్కడే. పెద్దాయన మాత్రం గోడలాగా... ఉండండుండండి. ఆ గోడ మీరే కదూ?"

"అవును."

"అలా చెప్పరేం మరి? ఒకరు పైన, ఒకరు కింద పనిచేస్తామన్నారు. నేను పేర్లు కూడా పెట్టాను. మీరు పైవాడు, ఆయన కిందవాడు."

"గుర్తుంది."

"దానికాయన ఏమన్నాడు? 'ఇంకేం, నాకు భయం లేదు, పైవాడు చూసుకుంటాడు' అన్నాడు. ఎంత నవ్వానో, దగ్గొచ్చింది."

"తర్వాత రోజూ అనేవాడు. నిచ్చెన మీద కాలు పెట్టగానే. పైవాడు చూసుకుంటాడు, అని."

"మరి ఆయన్ని వెంటబెట్టుకు రావలసింది. బేరాల్లేక నా నోరు తుప్పు పడుతోంది. టీ చెప్పనా? ఆయన పేరు చెప్పి తాగుదాం."

"వద్దు సార్. దీన్ని నా ఫోనుకి కలపండి. చూసి తీసుకుంటాను."

"కలపడం ఎంతసేపు? మీ ఫోనులో దీని యాప్ ముందునుంచే ఉంది కదా... ఇదిగో, కలిసింది. నా చేతికే కడుతున్నా. ఎంత చూపిస్తోంది?"

"ఎనభై నాలుగు."

"పొట్ట ముందుకి పోతే అంకె పైకి పోతుంది. సరేనా? డబ్బాలో పెట్టనా?"

"మీ వెనక గదికి ఇనప తలుపుంది."

"సరుకు గది అది. అయితే?"

"లోపలికెళ్ళి తలుపేసుకోండి. బ్యాండు చేతి నుంచి తీసేసి అక్కడే పెట్టండి. నూరు లెక్కపెట్టి బయటికి రండి. వచ్చాక తలుపు మళ్ళీ వేసేయండి."

"నన్ను గదిలోకి తోసి గల్లాపెట్టె ఎత్తుకుపోతారా ఏమిటి?"

"ఇక్కడే నిలబడతాను. ఒక్కసారి చూడాలి సార్."

"ఏం చూడాలి?"

"నూరు లెక్కపెట్టండి, చాలు."

"మీ మొహం చూస్తుంటే కాదనబుద్ధి కావడంలేదు. పోతున్నా. వినబడేలా లెక్కపెడతా, దొంగలెక్క అనుకోకండి."

"సరే."

"...తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. వచ్చేశా. తలుపేశా. బ్యాండు అట్టపెట్టెల మీద పడుకుంది. ఇదిగో నా చెయ్యి, ఖాళీ."

"ఎప్పుడు తీశారు?"

"లోపలికి పోగానే. రెండో మూడో లెక్కపెట్టేసరికి."

"అయితే ఇది చూడండి."

"ఎనభై నాలుగు. ఇదేమిటి? అట్టపెట్టెలకి గుండెకాయ ఎక్కడిది?"

"అదే నేనూ అడుగుతున్నా."

"ఉండండి, కళ్ళజోడు పెట్టుకోనివ్వండి. మూలన ఈ చిన్న గుర్తు బూడిదరంగుకి తిరిగింది, కనబడుతోందా? అంటే సంబంధం తెగిందన్నమాట. తెగితే చివర చూసిన అంకెనే పట్టుకుని కూర్చుంటుంది కాబోలు."

"ఎంతసేపు కూర్చుంటుంది?"

"మళ్ళీ కలిసేదాకా అనుకుంటా. నిజం చెప్పాలంటే నాకూ ఇప్పుడే తెలిసింది."

"ఎండలో ఆ గుర్తు కనబడదు సార్. అంకె కనబడుతుంది. అంకె పెద్దగా ఉంటుంది."

"తమ్ముడూ, ఏం జరిగింది?"

"మావాడిది డెబ్భై ఆరు."

"ఏం జరిగింది?"

"మా పనిలో ఒక పద్ధతుంది. పైన కూర్చున్నవాడు నూరు లెక్కపెట్టి, కిందవాడి నడుముకి కట్టిన తాడు ఒకసారి లాగాలి. కిందవాడు తిరిగి ఒకసారి లాగాలి. లాగకపోతే, అలిగాడా, ఆడుతున్నాడా అని చూడకూడదు, మనిషిని పైకి లాగెయ్యాలి. మా నాన్న నేర్పింది. ఇరవై రెండేళ్ళు తప్పలేదు."

"మరి?"

"బ్యాండు కొన్న మూడోరోజు వాడే అన్నాడు. అన్నయ్యా, నూటికోసారి గుంజకు, బ్రష్షు జారిపోతోంది, నా గుండె నీ జేబులో ఉందిగా, తీసి చూసుకో, అని. మానేశాను."

"జేబులో గుండె... ఆ మాట ఎక్కడో..."

"మీదే సార్. ఆ రోజు ఇక్కడే నిలబడి అన్నారు. 'ఇది కట్టుకుంటే ఆయన గుండె మీ జేబులో ఉన్నట్టే' అని. వాడికి తెగ నచ్చింది. ఇంటికి వెళ్ళి పెళ్ళానికి కూడా చెప్పాడు."

"అన్నాను. అందరితోనూ అంటాను."

"చాలాకాలం మూసి ఉంచిన ట్యాంకు. లోపల గాలి చచ్చిపోయి ఉంది. మూత తీసి పెట్టాం, సరిపోలేదు. కాసేపటికి బ్రష్షు చప్పుడు ఆగింది. ఫోను చూశాను. డెబ్భై ఆరు. కూర్చున్నాడనుకున్నా. కేకేశాను, పలకలేదు. మళ్ళీ చూశాను, డెబ్భై ఆరు. ఏడిపిస్తున్నాడనుకున్నా, వాడికి అలవాటే. దొంగవెధవా, పలకరా అని తిట్టాను కూడా. ఆ డెబ్భై ఆరు చూస్తూనే తిట్టాను."

"ఎంతసేపు?"

"తాడు లాగితే బరువుగా వచ్చింది సార్. అంత బరువు ఎప్పుడూ లేడు వాడు."

"డబ్బాలో కాగితం ఒకటి ఉంటుంది తమ్ముడూ. ఇది వైద్యానికీ ప్రాణరక్షణకీ కాదని అందులో రాసే ఉంటుంది. అన్నిటికీ రాస్తారు."

"మీరు చదివారా?"

"లేదు."

"మేమూ చదవలేదు. మీరు చెప్పారు కదా అని."

"అది... అమ్మేవాణ్ణి, నోటికి ఏదొస్తే అది... నాకేం తెలుసు, మీరు దాన్ని అలా... నేను సరదాకి..."

"నీళ్ళల్లో పడ్డా నీళ్ళు నమలదన్నారు. మీరు నములుతున్నారు."

"కొట్టు కట్టేసి వస్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. నీ తప్పు లేదని ఎవరితో చెప్పమన్నా చెబుతాను."

"తప్పు నాదే. తాడు నా ఒళ్ళోనే ఉంది. లేదనిపించుకోడానికి రాలేదు."

"మరి ఎందుకొచ్చావు నాయనా? రేపు దిగేది ఎవరు?"

"నేను."

"పైన?"

"మా మరదలు. వాడి భార్య. మాతో ఎవరూ రామంటున్నారు, మాకేమో వేరే పని రాదు. బయట మీ మెట్ల మీదే కూర్చుంది."

"ఆవిడా? నీ తాడు ఆవిడ చేతికి ఇచ్చి దిగుతావా?"

"ఇద్దామనే చూస్తున్నా. ముట్టుకోనంటోంది. తాడు పట్టుకున్నవాడు నిద్రపోతే తాడు ఏం చేస్తుంది, అంటోంది. అంకె పడిపోయే ఉంటుంది బావగారూ, మీరే చూసి ఉండరు, అంటోంది. పడిపోలేదని వందసార్లు చెప్పాను. మనిషి అబద్ధమాడతాడు, అంకె ఆడదంటుంది."

"అందుకని..."

"అందుకని ఇదే బ్యాండు కొనమని తీసుకొచ్చింది, వాడిది వాడి చేతికే ఉంచి పంపేశాం. బ్యాండు లేకుండా పైన కూర్చోదట. ఉంటే మాత్రం కన్నార్పకుండా అంకె చూస్తూ కూర్చుంటానంది. కూర్చుంటుంది సార్. మాట తప్పే మనిషి కాదు. నేను పోయాక కూడా చూస్తూనే కూర్చుంటుంది."

"లోపలికి పిలు. నేను చెబుతాను."

"నేనే చెప్పించాననుకుంటుంది. ఏమీ చెప్పకండి. కట్టుకుని, అంకె చూపించి, ఫోను ఆవిడ చేతిలో పెట్టండి."

"పెట్టి? ఏమని మొదలుపెట్టను? నోట్లో మాట లేదు తమ్ముడూ, మొదటిసారి లేదు."

"ఆ రోజు మాతో అన్నదే అనండి. 'ఇది కట్టుకుంటే ఆయన గుండె మీ జేబులో ఉన్నట్టే' అని. నవ్వుతూ అనండి, అప్పటిలాగే. అన్నాక లోపలికెళ్ళి, తలుపేసుకుని, బ్యాండు అక్కడే తీసేసి, ఖాళీ చేత్తో బయటికి రండి."