అలమరలో కుబుసం

ఆ సముద్రపుటూరిలో అద్దెకు చూస్తున్న ఇంట్లో, ఆమె వంటగది అలమర తెరవగానే పాము కుబుసం జారి పాదాల మీద పడింది. ఈమధ్యే రైలు డ్రైవరుగా రిటైరైన ఆమె భర్త అప్పటికే కారు తాళాలు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

“చూశావా! ఈ ఇల్లూ వద్దు. పద, పక్క ఊరు చూద్దాం.”

“ఆగండి. పోయిన ఊళ్లోనూ కుబుసమే కదా కనబడింది?”

“సముద్రం పక్కన పాములుండవా ఏంటి?”

“ఉంటాయి. కానీ దీనికి కలరా ఉండల వాసనేంటండీ? ఈ పాము మన బట్టల పెట్టెలో కాపురం చేసిందా?”

“నాకే వాసనా రావట్లేదే.”

“ఊరూరూ తిరిగి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఈ ఇల్లు నాకు నచ్చింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఇక నిజం చెప్పండి.”

“మొదటి ఊళ్లో నిజంగానే దొరికిందే, పెరట్లో. అది చూడగానే నువ్వు వద్దన్నావు. అందుకే దాచాను. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ దాన్నే పెడుతూ వచ్చాను. ఏ స్టేషన్లో దిగినా తెల్లారితే మళ్లీ బండెక్కేవాణ్ణి. ఈ ఇంట్లో దిగితే ఇక ఎక్కడానికి బండి లేదే. భయమేసింది.”