చవక డబ్బా

గిరాకీ లేని మధ్యాహ్నం, పది రోజుల కిందట కంప్యూటర్ విడిభాగాలు కొన్న పెద్దమనిషి మళ్లీ దుకాణానికి వచ్చాడు. అప్పటి లిస్టునే బల్ల మీద పెట్టాడు.

“మీ అమ్మాయి గేమింగ్ కంప్యూటర్ లిస్టు కదండీ ఇది. బిగించుకుందా?”

“తనే బిగించుకుంది. వారం తిరక్కుండా పవర్ సప్లై డబ్బా అంటుకుంది. రెండు చేతులూ కాలాయి. ఆస్పత్రిలో ఉంది.”

“అయ్యో. అంత పెద్ద గ్రాఫిక్స్ కార్డుకి చవకది ఆగదని ఆ రోజే మొత్తుకున్నానండీ. అమ్మాయి మంచిదే రాసింది. మీరే దాన్ని కొట్టేసి చవకది తీసుకున్నారు.”

“కంటికి కనపడని డబ్బాకి అంత దండగెందుకనుకున్నాను. ఇంట్లో మాత్రం, మంచిది మీ దగ్గర స్టాకు లేదని చెప్పాను.”

“లేకపోవడమేంటండీ, తీసి మీ చేతిలో పెట్టాను.”

“పెట్టారు. సాయంత్రం వాళ్లమ్మ మీకు ఫోన్ చేస్తుంది. లేదనే చెప్పండి.”

“అమ్మాయి ఏమంటోంది?”

“స్టాకు వచ్చేదాకా ఆగకుండా తొందరపడ్డాను నాన్నా, తప్పంతా నాదే అని ఒకటే ఏడుపు.”

“మీరేమన్నారు?”

“పోనీలేమ్మా, నేనేమీ అనుకోనన్నాను.”