మూడు గీతల బ్యాటరీ

కాదు తమ్ముడూ, నువ్వెన్ని చెప్పినా నేనొప్పుకోను. ఈ కెమెరా బ్యాటరీ ఒట్టి మాయదారిది. పైకి మూడు గీతలూ చూపిస్తుంది, నాకేం తక్కువ అన్నట్టుంటుంది, తీరా నొక్కబోయేసరికి టప్పున ఆరిపోతుంది. ఏడాది గ్యారంటీ అని కార్డు మీద ముద్ర కొట్టిచ్చింది నువ్వే కదా? ఇదిగో కార్డు. ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుంది. అందుకే డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చుకోకుండా డిపో నుంచి తిన్నగా ఇటే వచ్చా.

చవకరకమే, ఎవరు కాదన్నారు? కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే మేలన్నావు. ఆటో మోడ్‌లో పెట్టి నొక్కడమే, ఇంకేం తెలియక్కర్లేదన్నావు. నొక్కడానికి ముందు దానికి ప్రాణం ఉండాలి కదయ్యా?

ఆఁ, పరీక్ష చెయ్యి, వద్దన్నానా? నా కళ్ళ ముందే చెయ్యి. ఫ్లాషు వేసి ఆగకుండా తీస్తూ పోవడమేనా, ఆరిపోయేదాకా? సరే, కానీ. ఆరిపోతే కొత్తది ఊరికే ఇస్తావు. మాట మీద నిలబడాలి మరి.

అయ్యో, నన్నెందుకు తీస్తావు? పొద్దుటి నుంచీ స్టీరింగు పట్టుకుని ఉన్నదాన్ని, మొహం చూడు ఎలా పీక్కుపోయి ఉందో. నా వెనక గోడ మీది ధరల బోర్డు తీసుకోరాదూ? ఏంటీ, ఎదురుగా మొహం ఉంటే కెమెరా దాన్ని వెతికి పట్టుకుంటుందా? దానికి బ్యాటరీ ఇంకాస్త ఎక్కువ తింటుందా? అయితే నన్నే తియ్యి. తిననీ. తొందరగా చావాలి కదా అది.

నువ్వు తీస్తూ ఉండు, నేను చెప్తూ ఉంటా. విన్నాక నువ్వే అంటావు, అక్కా నీ కోపంలో న్యాయం ఉందని.

నేను సిటీ బస్సు నడుపుతా. కెమెరా సరదాకి కొన్నా. ఆఖరి స్టాపులో బండి తిప్పుకునే ముందు కాస్త ఖాళీ దొరుకుతుంది, ఆ కాసేపు ఏదో ఒకటి తీసుకుంటా. అద్దం మీద వాన చుక్కలు, సీటులో ఎవరో మర్చిపోయిన గొడుగు, బస్సు కింద ముడుచుకున్న కుక్క. మా కండక్టరు నవ్వుతుంది, మనుషుల్ని తియ్యవేం అక్కా అని. మనుషులు కదులుతారే, ఇంకా నేర్చుకోలేదు అంటాను.

మా డిపోలో ఏడాదికోసారి సభ పెడతారు. ఏళ్ళ తరబడి ఎవరికీ దెబ్బ తగలకుండా, బండికి గీత పడకుండా నడిపినవాళ్ళలో ఒక్కరిని ఎంచి, స్టేజీ ఎక్కించి షీల్డు ఇస్తారు. చిన్నదేలే, చెక్క ముక్క మీద ఇత్తడి రేకు. కానీ మా డ్రైవర్లకి దాని ముందు ఏదైనా దిగదుడుపే. ఈ ఏడు నా పేరు పిలిచారు. మా డిపోలో ఆడమనిషి పేరు పిలవడం అదే మొదలు.

ఖర్చులు తగ్గించుకోవాలని ఈ ఏడు ఫొటోగ్రాఫరును మాన్పించేశారు, పూలగుత్తులు మాన్పించేశారు. షీల్డూ ఒక గోడ గడియారమూ మాత్రం మిగిలాయి. పోనీలే, మనకి కెమెరా ఉంది కదా అనుకున్నా. ఫొటో పెట్టుకోవడానికి ఫ్రేము కూడా ముందే కొనిపెట్టుకున్నా. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, నా ఆత్రం నాది.

ఎలా ఉంది? మూడు గీతలూ ఉన్నాయా ఇంకా? ఉంటాయి, ఉంటాయి. అదే దాని నాటకం. మా పాత బస్సుల్లో డీజిల్ ముల్లు కూడా అంతే. సగం ఉంది, సగం ఉంది అని నమ్మించి వంతెన మధ్యలో ముంచేది. అందుకే నేను ముల్లుని నమ్మను. పొద్దున్నే ట్యాంకులోకి కర్ర దించి, తడి ఎందాకా వచ్చిందో కళ్ళతో చూసుకుని గానీ బండి తియ్యను. నీ బ్యాటరీకి కర్ర దించే దారి లేదు, అదీ చిక్కు.

సభకి ముందు రోజు చార్జింగు నేనే పెట్టా. పచ్చ దీపం వచ్చేదాకా చూసి, నా చేత్తోనే సంచిలో పెట్టి మా ఆయనకిచ్చా. ఆయన కూడా మా డిపోనే, స్టోర్సులో. ఒకప్పుడు డ్రైవరు. నాకు బస్సు నేర్పింది ఆయనే తెలుసా? ఊరవతల ఖాళీ స్థలంలో పాత డబ్బాలు వరసగా పెట్టి, వాటి మధ్య నుంచి రివర్సులో తెమ్మనేవాడు. డబ్బాకి తగిలిస్తానేమోనని నేను అడుగడుక్కీ బ్రేకు తొక్కేదాన్ని. పక్కనే ఫుట్‌బోర్డు మీద నిలబడి, నేనున్నా కదా, పోనీ, అనేవాడు. ఆ మాట పట్టుకునే నడిపాను తమ్ముడూ, ఇన్నేళ్ళు. ఎదురుగా లారీ వస్తే ఇప్పటికీ ఆ మాటే వినిపిస్తుంది.

సభ రోజు కూడా అదే అన్నాడు. ముందు వరసలో నేనుంటా, నువ్వు నా వైపు చూసి నవ్వు, మిగతాది నేను చూసుకుంటా.

స్టేజీ ఎక్కితే ఏముంది, దీపాలు కళ్ళలోకి కొడుతున్నాయి. ముందు వరసా తెలియదు, వెనక వరసా తెలియదు, అంతా చీకటి. ఆ చీకట్లోకే చూసి నవ్వా. షీల్డు ఇలా గుండెకి ఆనించి పట్టుకుని, ఫ్లాషు ఎప్పుడు మెరుస్తుందా అని ఆ నవ్వు అలాగే పట్టుకుని నిలబడ్డా. మెరవలేదు. మేనేజరుగారు ఇక దిగొచ్చమ్మా అన్నాక దిగా.

సెల్‌ఫోన్లా? తీశారు, ఎవరెవరో తీశారు. అంత దూరానికి అందులో నేనొక తెల్ల మచ్చ. పక్కన షీల్డు ఇంకో మచ్చ.

బయటికి వస్తే గేటు దగ్గర స్కూటరు మీద ఉన్నాడు మా ఆయన. అడగకముందే తనే చెప్పేశాడు. పూలగుత్తి ఇస్తున్నప్పుడు నొక్కబోయానే, మూడు గీతలూ ఉన్నాయి, ఉన్నట్టుండి టప్పున ఆరిపోయింది, మళ్ళీ వెలిగితే ఒట్టు, చవక సరుకు అంతే, అన్నాడు. మొహం ఇంత చిన్నదైపోయింది పాపం. నేనే ఓదార్చా. నీ తప్పేముంది, దాని రోగం అది, అని. ఇంటికెళ్ళాక నేను బూట్లు విప్పుకునేలోపే కెమెరాని చార్జింగులో పెట్టేశాడు.

అప్పట్నుంచీ తిడుతూనే ఉన్నా దీన్ని. వంటింట్లో తిడతా, డిపోలో తిడతా, సిగ్నల్ దగ్గర ఆగితే మా కండక్టరుతో తిడతా. దొంగముండ బ్యాటరీ, జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్కసారి స్టేజీ ఎక్కితే ఆ ఒక్కసారే చావాలా, అని. ఆయన పక్కనే కూర్చుని వింటాడు. అవునంటాడు. తల ఊపుతాడు.

ముందెప్పుడైనా ఇలా ఆరిపోయిందా అంటే... లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఒక్క రోజే.

అడగాల్సిందే అడిగావులే. తీస్తూ ఉండు.

ఎన్నయ్యాయి? వంద దాటాయా? గీతలు? మూడూనా? కళ్ళజోడు పైకెత్తి సరిగ్గా చూశావా? ఆ లెన్సుని ముందుకీ వెనక్కీ తిప్పు ఓసారి. ఆపి మళ్ళీ వెలిగించు, దానికి ఎక్కువ ఖర్చన్నావు కదా. ఇంకా దగ్గరికి రా, ఫ్లాషు బాగా కొట్టాలి. నా కళ్ళకేం కాదు. రాత్రి డ్యూటీలు చేసినదాన్ని, ఎదుటి దీపాలు నాకు కొత్తా?

షాపుకి తీసుకెళ్తానంటే వద్దన్నాడు. పోనీలేవే, పదో పరకో పెట్టి కొన్నదానికి ఇంత రాద్ధాంతమా అన్నాడు. నిన్న మళ్ళీ అంటే విసుక్కున్నాడు కూడా. గ్యారంటీ ఉన్నప్పుడు ఈయనకేం నొప్పి అనుకున్నా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది కదా అని... ఆ మాట లోపలికి వచ్చింది. వచ్చినదాన్ని తోసేశా.

ఇదిగో, ఇటు చూడు. ఒక్క గీతైనా తగ్గించు తమ్ముడూ. ఒక్కటి తగ్గినా చాలు నాకు.

తగ్గదా?

ఊఁ.

కాదులే, నీళ్ళు వద్దు. ఫ్లాషుకి కళ్ళు మండాయి అంతే. నువ్వు ఆపకు.

పూలగుత్తి ఎక్కడిది తమ్ముడూ? నీకు ఇందాకే చెప్పాను కదా, ఈ ఏడు పూలు లేవని. ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ముందు వరసలో కూర్చున్నవాడికి ఆ మాత్రం కనిపించదా? ఆయన డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఇచ్చేవాళ్ళు పూలగుత్తి. ఆయన మనసులో ఉన్న సభ అదే. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని చూసుకున్న సభ. అందులోంచి తీసి చెప్పాడు నాకు.

ఒక ఏడాది షీల్డు ఖాయంగా ఆయనకే అనుకున్నారు అందరూ. సభకి ఇంకా కొన్నాళ్ళుందనగా, డిపోలోకి బండి తెస్తుంటే గేటు స్తంభానికి పక్క రాసుకుంది. ఎవరికీ ఏం కాలేదు. ఇంత గీత. ఆ గీతతో పోయింది. తర్వాత కళ్ళు మందగించాయని స్టోర్సులో వేశారు. ఇప్పుడు మాకు టైర్లు తీసిచ్చేది ఆయనే. నాకు కొత్త టైరు కావాలంటే ఆయన ముందే సంతకం పెట్టాలి నేను.

ఆ రోజు మా కండక్టరు చెప్పింది కూడా. అన్న లోపలికి రాలేదేం అక్కా, మొదట్నుంచీ గేటు స్తంభం పక్కన స్కూటరు మీదే కూర్చున్నాడు, అని. నేనేమన్నానో తెలుసా? బ్యాటరీ ఆరిపోయిందే పాపం, లోపలుండి ఏం చేస్తాడు, అన్నా. నా నోటితోనే.

కాబట్టి తెలియక కాదు. తెలిసీ ఇక్కడిదాకా వచ్చా. బ్యాటరీ పాడైందని నీ నోటితో ఒక్కసారి అంటే, పూలగుత్తిని మర్చిపోదును, కండక్టరు మాట మర్చిపోదును. ఆయన చెప్పిందే నిజమని ఇంటికెళ్ళి హాయిగా వంట చేసుకుందును.

కుళ్ళుకున్నాడనుకో, కుళ్ళుకోనీ. మనిషన్నాక ఉండదా? నావల్ల కాదే, ఆ షీల్డు నీ చేతిలో చూడలేను, అని ఒక్క మాట అంటే నేను స్టేజీ ఎక్కేదాన్నే కాదు. ఇద్దరం ఆ గేటు దగ్గరే స్కూటరు మీద కూర్చునేవాళ్ళం. రానందుకు కాదు నాకు మంట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నోరులేని దీని మీద తోసేసి, నేను దీన్ని తిడుతుంటే పక్కన కూర్చుని అవునవును అన్నాడే, అందుకు. ఎవరూ లేని చోటు చూసి అంతసేపు నవ్వానే, అందుకు.

చాలు, ఇక ఆపు. దాన్ని కాసేపు చల్లారనీ. పాపం, చెయ్యని తప్పుకి ఎన్ని తిట్లు తిందో.

వద్దు తమ్ముడూ, జాలిపడి కొత్త బ్యాటరీ ఇవ్వకు. శుభ్రంగా ఉన్నదాన్ని మార్చడం ఏంటి? కార్డు నీ దగ్గరే ఉంచుకో, నాకింక దాంతో పనిలేదు. మనుషులకైతే ఈ కార్డు కూడా ఇవ్వరు.

ఒక్క పని చేసిపెట్టు. ఇన్ని తీశావు కదా, ఒకటి ప్రింటు వేసివ్వు. ఫ్రేము సైజులో. మా ఇంట్లో షీల్డు పక్కన అది ఖాళీగానే ఉంది, రోజూ దాని ముందు నుంచే తిరుగుతున్నాడు ఆయన. అందులో పెడతా. నేనేమీ అనను. ఆయనా అడగడు. ఈ షాపూ వెనక ధరల బోర్డూ చూస్తాడు, యూనిఫాంలో నన్ను చూస్తాడు, కెమెరా బాగానే ఉందని నాకు తెలిసిపోయినట్టు అర్థమవుతుంది. తర్వాత ఆయన ఇష్టం.

ఇవి వద్దు. ఏడుపు మొహాలన్నీ తుడిచెయ్యి, నీ దగ్గర కూడా ఉంచుకోకు. వెనక్కి వెళ్ళు. ఇంకా వెనక్కి. ఆ, మొదటిది. నోరంతా తెరిచి బ్యాటరీని తిడుతున్నానే, అది.

అదే వెయ్యి. అందులో నేనింకా ఆయన వైపే ఉన్నాను.