కాటా దగ్గర ఎనిమిది మంది

హలో… ఆ, నేనే. ఇందాక రింగిచ్చి పెట్టేసింది నేనే… ఎందుకు పెట్టేశానా? ఎదురుగా లారీ వచ్చింది తమ్ముడూ, ఫోన్ వదిలేసి సీటు పట్టుకున్నా… ఆ, తప్పించుకున్నాం. జానెడు దూరంలో.

నువ్వు రాకెట్ వ్యాన్ డ్రైవరువే కదా?… నంబరు నీ బండి తలుపు మీదే చూశాను. ప్రయాణాలకు పిలవండి అని రాసుకున్నావు, పిలిచాను… వినబడట్లేదా? అయితే ముందు ఆ పాట తగ్గించు… ఇంకాస్త… ఆ. ప్రాణం లేచొచ్చింది… ఏం లేదు, నీ గొంతు బాగా వినబడుతోంది అంటున్నా.

(చూశావుటే? గంట నుంచి పదహారు మందిమి అరిస్తే తగ్గని పాట, ఒక్క ఫోన్‌కి తగ్గింది… ఆ, అదిగో, మన ముందు స్టీరింగ్ పట్టుకున్న ఆయనతోనే మాట్లాడుతున్నా. మెల్లగా… వినబడదులే, మనం చివరి వరసలో ఉన్నాం… అద్దంలోనా? ఆ అద్దంలో తన జుట్టు తప్ప ఇంకొకటి చూసుకోగా నేను చూడలేదు.)

ఆ, లైన్లోనే ఉన్నా. చెప్పు… నేనా? గాజు సామాను వ్యాపారం. గ్లాసులు, జాడీలు, సీసాలు… లేదు లేదు, ఇవాళ సరుకు లేదు, మనుషులమే. ఎనిమిది మందిమి. ఒళ్లో పిల్లలు ఇద్దరు, వాళ్లు కాక… ఆ, ఎనిమిది. అందరం ఒకే చోట. ఇటుకల బట్టీ దాటాక లారీలు తూకం వేసే కాటా ఉంది చూడు, అక్కడ. నువ్వు అక్కడ బండి ఆపాలి… ఆపుతావా? సంతోషం.

(ఒక చేత్తో నడుపుతున్నాడు, నాకూ కళ్లున్నాయే. లెక్కేసే చేశాను. బయల్దేరిన దగ్గర్నుంచి ఇతనికి మూడు ఫోన్లు వచ్చాయి. మూడుసార్లూ మాట్లాడినంతసేపు బండి జోరు తగ్గింది. చెయ్యి ఒకటి పోయినా కాలు తేలికవుతోంది. ఉన్న రెండు నష్టాల్లో ఇది చిన్నది… మూడోది ఉంటే నువ్వే చెప్పు, వింటాను.)

ఏమిటీ?… నీ పోటీ పసుపు వ్యాన్ వాడికా? వాడికెందుకు చెప్తాను, నీ ఒక్కడికే చెప్పాను… ఎన్ని నిమిషాల్లో?… ఏడు నిమిషాలా! వద్దు వద్దు, అంత తొందరేం లేదు. మేమింకా కాటా దగ్గరికి చేరలేదు… దారిలో ఉన్నాం… వ్యాన్లోనే వస్తున్నాం, ఇంకెలా వస్తాం.

కాటా దగ్గర దిగిపోదామని… ఎందుకంటే ఏం చెప్పను, నడిపేవాడి తీరు బాగాలేదు. పది సీట్ల బండిలో పదహారు మందిని కుక్కాడు. మా కొట్లో గ్లాసులు ఇలా సర్దితే గుమాస్తాని ఆ పూటే ఇంటికి పంపించేస్తాను. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య గుప్పెడు గడ్డైనా పెడతాం. ఇక్కడ గడ్డి పెట్టే సందు కూడా లేదు.

ఆ… మలుపుల్లో ముందు బండిని దాటుతున్నాడు… ఆ. బ్రేకు వేయాల్సిన చోట హారన్ కొడుతున్నాడు… ఫోనా? ఫోన్ లేకుండానా! ఇప్పుడు కూడా మాట్లాడుతున్నాడు… ఎవరితోనా? ఎవరో వ్యాపారితో.

ఏమన్నావ్?… గాడిదా? ఆ మాట నువ్వన్నావు, నేననలేదు… వాడికి లైసెన్సు ఎవడిచ్చాడంటావా, నాదీ అదే సందేహం… చెప్పాం. మర్యాదగా చెప్పాం, కేకలేశాం, మా ఆవిడ రేకు మీద బాదింది కూడా. పాట పెంచాడు… నువ్వైతే ఏం చేస్తావ్?… కాలరు పట్టుకుని కిందకి లాగుతావా. బాగానే ఉంది గాని, బండి నడుస్తుండగా కాలరు పట్టుకుంటే పదహారు మందికీ అదే ఆఖరి స్టాపు.

వాడి నంబరా? ఉంది నా దగ్గర… ఇప్పుడు చేయకు, దొరకడు. బిజీ వస్తుంది.

పాటా?… నీకూ వినబడుతోందా. అవును, మా బండిలోనూ అదే… ఏం చేస్తాం, మీ ఇద్దరి సరదా ఒకటే… హారన్ కూడానా? రోడ్డు ఒకటే అయినప్పుడు అడ్డం వచ్చేవాళ్లూ ఒకళ్లే కదయ్యా.

(బుజ్జితల్లీ, డ్రైవర్ మామకి చెయ్యి ఊపకూడదు. దిగాక ఊపుదువుగాని. తాత పనిలో ఉన్నాడు.)

నా మనవరాలు. అమ్మాయి కూతురు, నాలుగేళ్లు. దీన్ని వాళ్ల అమ్మ దగ్గర దింపడానికే ఈ ప్రయాణం… పెద్ద బస్సులో రా నాన్నా, ఒకటికి రెండుసార్లు చెప్తున్నా అంది. బస్సుకి నలభై నిమిషాలు ఆగాలి. ఎందుకు వృథా అని వ్యాన్ ఎక్కించింది నేనే. మా ఆవిడ వద్దంటూనే ఉంది… ఆ, నాదే పొరపాటు. ముప్పై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నాను, చూసి చూసి ఇలాంటి సరుకు ఎత్తుకోవడం ఇదే మొదటిసారి.

తమ్ముడూ, అదిగో ముందు లారీ… మలుపు… దాటకు, దాట—

…

…

ఆ. ఉన్నాను… లైన్లోనే ఉన్నాను. ఇంకా ఉన్నాను… ఏం లేదు, మా వాడు లారీని దాటాడు… నువ్వూ ఇప్పుడే దాటావా. అలాగా.

(ఏడవకమ్మా… ఎక్కడ తగిలింది? చూడనీ… వాచలేదులే. అమ్మమ్మ ఊదుతుంది, ఊదితే పోతుంది… తెలుసే. నాదే తప్పు. ఇంటికెళ్లాక తిట్టు, ఎంతసేపైనా వింటాను. ముందు ఇంటికి చేరనీ.)

పిల్ల ఏడుస్తోంది… మీ బండిలోనూ ఎవరో పిల్ల ఏడుస్తోందా? ఏడవదూ మరి!

ఆ, విను… ఎవరు ముందొస్తారనా? మా బండి కంటే నువ్వు ముందెలా వస్తావయ్యా, జరిగే పని కాదు… అయ్యయ్యో! పందెం కాదు! నేను పందెం అన్నానా? కాలు తియ్యి నాయనా, కాలు—

(నోరు జారానే. ఒక్క ముక్క. వీడితో నువ్వు రాలేవు అనకూడదు… పట్టుకోండి, అందరూ ముందు సీట్లు గట్టిగా పట్టుకోండి.)

తమ్ముడూ, ఒక్క మాట విను. వ్యాపారం మాట… ఇంత జోరుగా వచ్చి ఆగితే కాటా దగ్గర ఎవరుంటారు? కాటా ఉంటుంది. ఎక్కడానికి ఒక్కడూ దొరకడు… ఎదురుచూస్తావా, నువ్వా? పొద్దున రైలు గేటు దిగుతుంటే కింద నుంచి దూరినవాడివి… ఎలా తెలుసా? నంబరు చూసినవాణ్ణి, నడక చూడనా? నువ్వు ఆగవు, వెళ్లిపోతావు. వెనకాలే పసుపు వ్యాన్ వస్తుంది… అదే నేను చెప్పేది. నెమ్మదిగా రా. నువ్వు ఎంత నెమ్మదిగా వస్తే మేం అంత ఖాయంగా అక్కడ ఉంటాం.

ఎలాగంటే ఎలా చెప్పను. నువ్వు బండి ఆపిన నిమిషంలో ఎనిమిది మందిమీ కాటా పక్కన నేల మీద నిలబడి ఉంటాం. ఒక్కరు తగ్గినా నన్నడుగు… ఒట్టు. మా కొట్టు మీద ఒట్టు… ఆ. అలా… ఇంకాస్త… అదీ.

(తగ్గిందే. చెట్లు విడివిడిగా కనబడుతున్నాయి. ఇందాకటి దాకా గోడలా ఉన్నాయి.)

(దిగుతామన్నవాళ్లు ఎనిమిది మందే కదా? మాస్టారూ, కిటికీ దగ్గర మిమ్మల్నే, మీరు దిగుతారా?… బడికి ఆలస్యమవుతుందా. సరే, మీ ఇష్టం… అమ్మా, వెనక తలుపు గడియ మీకు అందుతుందా? ఆగాకే తియ్యండి. పూర్తిగా ఆగాక.)

కాటా కనబడిందా?… నాకూ కనబడింది… ఆ, మేమూ వచ్చేశాం. పక్కకి తియ్యి. మట్టి మీదికి, పూర్తిగా… ఇంజను ఆపు. పెద్దవాళ్లున్నారు, తొందరపడలేరు… తాళం కూడా తిప్పు… ఆ.

ఎవరూ లేరా? ఉంటారు, ఒక్క నిమిషం… వెనక చప్పుడా? తలుపు. లెక్కపెట్టుకో. ఒకరు… ఇద్దరు… ఆ చేతికర్ర పెద్దాయన మూడు… అవును, దిగుతున్నారు. ఎక్కుతాం అని నేనెప్పుడన్నాను?… ఆరు. మా ఆవిడ ఏడు. ఎనిమిదోవాడు పిల్లని ఎత్తుకుని, చెవికి ఫోన్ పెట్టుకుని ఉంటాడు… అద్దంలో కాదు, మెడ తిప్పి చూడు… ఆ. నేనే.

అరవకు. ఫోన్లోనే మాట్లాడు, పిల్ల జడుసుకుంటుంది… మోసమా? నేను చెప్పినవాటిలో ఒక్క అబద్ధం చూపించు. ఎనిమిది మంది అన్నాను, ఉన్నాం. కాటా దగ్గర అన్నాను, నిలబడ్డాం… గాడిద మాట నాది కాదు. కాలరు పట్టుకోమని సలహా ఇచ్చింది నువ్వు, అదీ నేను పట్టుకోలేదు.

మళ్లీ ఎక్కమంటావా… చూద్దాం. ఎంతకి?… డబ్బు సంగతి కాదయ్యా, జోరు సంగతి. ఎంతలో పోనిస్తావు?… డెబ్భై? డెబ్భైకి ఈ పిల్లని ఎక్కించను. నలభై… అరవై ఐదు నీ ఆఖరి మాటా? అయితే ఇక్కడే ఉంటాం, గాలి బాగుంది… నలభై ఐదు. మలుపుల్లో ముప్పై, లారీ వెనకాలే పోవాలి, ముందుకి కాదు. పాట ఉండదు… యాభై ఐదా? అదిగో నీ పసుపు వ్యాన్ వస్తోంది. చెయ్యెత్తమంటావా?… యాభై. ఆ, యాభైకి ఖాయం. మాట మీద నిలబడు.

ముందు సీట్లో నేను కూర్చుంటాను. స్పీడు మీటరు ముల్లు నాకు కనబడాలి. కొట్లోనైనా అంతే, ముల్లు చూడకుండా తూకం ఒప్పుకోను… ఏమిటీ?

పనిచేయదా.

ఎప్పట్నుంచి?… రెండేళ్లు.

మరి ఇంతసేపూ మనం దేనికి బేరమాడాం?… అది కాదు, యాభైలో ఉన్నావని నీకెలా తెలుస్తుంది?… కిటికీలో గాలిని బట్టి. ఆ… వాన పడితే అద్దం ఎత్తేస్తావు కదా, అప్పుడు?… ఆ.

ఉండు, పసుపు వ్యాన్… చెయ్యెత్తాను… ఆగలేదు. మేం ఉన్నామనైనా చూడలేదు… వాడి ముల్లూ అంతేనా. ఇద్దరూ ఒకరి గాలి ఒకరు చూసుకుని నడుపుతున్నారన్నమాట.

లేదు తమ్ముడూ, ఎక్కం… కోపమేం లేదు. ఇందాక కోపం ఉండేది, ఇప్పుడు అదీ పోయింది. పెద్ద బస్సుకి ఆగుతాం… గంట పడుతుంది, పడనీ. మా అమ్మాయికి ఆలస్యమని చెప్పుకోగలను. ఇంకోటి చెప్పుకోలేను.

అదేమిటి, మాస్టారు కూడా దిగుతున్నారు… నేనేమీ చెప్పలేదు. ముల్లు సంగతి నీ నోటితోనే విన్నారు, నీ గొంతు బండంతా వినబడుతుంది కదా… ఆ వరస కూడా… నన్నంటే ఏం లాభం, వాళ్ల కాళ్లు వాళ్లవి.

ఖాళీ అయితే ఏం?… ఇక నెమ్మదిగా పోవడం ఎవరి కోసమా? నువ్వున్నావు కదయ్యా లోపల.

ఆ… ఇంకో ఫోన్ వస్తోందా, ఎవరిది? మీ ఆవిడా?… ఏమంటుంది?… ముల్లు బాగుచేయించమని రోజూ అంటుందా. వినొచ్చు కదా… ఆ. రేపు కాదు, ఇవాళే బాగుచేయించు. బాగయ్యాక నాకొక ఫోన్ కొట్టు. తిరుగు ప్రయాణం ఉంది మాకు… ఎనిమిది మంది కాదు, ఇద్దరమే. నిజంగా ఎక్కుతాం, ముల్లు చూసి.

బండి కదులుతోంది, నీ చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది. పెట్టేయ్… సరేలే, అదంతా తరవాత. పెట్టేయ్… నేను పెడితే నువ్వు ఇంకొకరికి చేస్తావు. నువ్వే పెట్టు.

(పెట్టాడే… ఆ, చూస్తున్నా. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.)