బావ మీద కురిసిన మంచు

నా పేరు, ఇంటి అడ్రసు శనివారం నాటి కాగితంలో ఉన్నాయి, అవి మారలేదు. వయసు నలభై ఆరు. యూనివర్సిటీలో సాహిత్యం చదివాను. పాత సినిమాలను బాగుచేసి, ఇళ్లలో చూసుకోవడానికి డిస్కులుగా తెచ్చే కంపెనీలో సబ్‌టైటిళ్లు రాస్తాను. డిస్కు అచ్చుకు వెళ్లేముందు మొదటినుంచి చివరిదాకా చూసి తప్పులు చెప్పడం కూడా నా పనే. ఈ కేసులో ఫిర్యాదు ఎవరి మీద ఉందో ఆ టెక్నీషియన్ నా భర్తకు తమ్ముడు, అంటే నాకు మరిది. ఈ సంగతి శనివారం కూడా చెప్పాను. ఆరోజు చెప్పినదాంట్లో ఒక మాట సరిచేయడానికి ఇవాళ, మంగళవారం, నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. ఇన్‌స్పెక్టర్ గారి అనుమతితో నా చేత్తోనే రాస్తున్నాను.

గొడవంతా ఒక జపాన్ సినిమా గురించి. చాలా ఏళ్ల కిందట చేత్తో బొమ్మలు గీసి తీసిన సైన్స్ ఫిక్షన్ కథ. ఆకాశమంత ఎత్తు భవనంలో లిఫ్టు నడిపే యంత్రం ఒకటి ఉంటుంది. రోజూ దానితో కబుర్లు చెప్పే పిల్ల ఒకనాడు నక్షత్రాలకు వెళ్లే ఓడ ఎక్కి వెళ్లిపోతుంది. చివర్లో ఆ యంత్రం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి డాబా మీదికి వచ్చి, కూర్చుని, అరచెయ్యి చాపుతుంది. మాటలుండవు. పేర్లు పడతాయి. అంతే.

మా వయసువాళ్లందరం చిన్నప్పుడు దీన్ని అద్దె టేపులో చూశాం. చాపిన ఆ చెయ్యి మీద మంచు పడుతుంది. అది చూసి నేను ఏడ్చాను. మా అక్క నన్ను చూసి నవ్వింది, తర్వాత అదీ ఏడ్చింది.

పోయిన నెల చివరి ఆదివారం, ముందే డబ్బు కట్టినవాళ్లను మా ఓనరు గారు పిలిచి, ఆఫీసు పక్క హాల్లో కొత్త డిస్కు వేసి చూపించారు. డాబా సన్నివేశం వచ్చింది. యంత్రం చెయ్యి చాపింది. ఆకాశం ఖాళీగా ఉంది. హాల్లో ఎవరో "మంచేదీ?" అన్నారు. ఇంకొకరు "తుడిచి పారేశార్రా!" అన్నారు. సగం నెరిసిన గడ్డం పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడి, "నా చిన్నతనం అంతా ఆ మంచులోనే ఉందండీ, నా మంచు నాకిచ్చెయ్యండి" అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. సగం మంది డబ్బు వెనక్కి అడిగారు.

రీలు మీది దుమ్ము, గీతలు తుడిచే పని మా మరిదిది. మంచుచుక్కలను దుమ్మనుకుని చెరిపేశాడేమో అని మొదట అందరం అనుకున్నాం. ఆ తర్వాత మాట పెరిగింది. డిస్కు అట్ట మీద తన పేరు వేయలేదని అంతకుముందు వారం అతను ఓనరు గారితో పోట్లాడిన మాట నిజం. "నా పేరు లేని చోట నా పని ఎందుకుండాలి?" అన్నాడు, అదీ నిజం, నేను విన్నాను. తుడవకముందు రీలును కంప్యూటర్లోకి ఎక్కించిన అసలు స్కానింగు చూద్దామంటే, తర్వాతి సినిమాకు చోటు చాలక అతనే తీసేశాడు. అలా తీసేయడం మా ఆఫీసులో మామూలే, కానీ ఆ సమయంలో ఎవరు నమ్ముతారు? రీళ్లు అప్పటికే జపాన్‌కు తిరిగి వెళ్లిపోయాయి. కావాలనే సినిమాను పాడుచేసి ఆనవాళ్లు చెరిపేశాడని ఓనరు గారు ఫిర్యాదు ఇచ్చారు. బుధవారం అరెస్టు చేసి కోర్టుకు పంపుతామని ఇన్‌స్పెక్టర్ గారు మా ఇంటికి కబురు చేశారు.

శనివారం నన్ను ఇదే కుర్చీలో కూర్చోబెట్టి, "మేడమ్, సినిమాలో మంచు ఉందా, లేదా?" అని అడిగారు. "ఉంది" అన్నాను. నేను గ్యాస్ కట్టానో లేదో చూడటానికి వీధి చివరినుంచి వెనక్కి వచ్చే మనిషిని. జీవితంలో అనుమానం లేకుండా చెప్పిన అతికొద్ది మాటల్లో అదొకటి.

మరిది అక్కడే బెంచీ మీద ఉన్నాడు. "వదినా, ఆ చోట తుడవడానికి చిన్న మచ్చ కూడా లేదు. అంత శుభ్రమైన రీలు నేను చూడలేదు" అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం రాస్తే నవ్వొస్తుంది, కానీ రాయాలి. అతను ఎదుటివాళ్ల చొక్కా మీద దారప్పోగు కనిపిస్తే తీసేదాకా మాట వినడు. భోజనానికి కూర్చుంటే కడిగిన కంచాన్నే మళ్లీ తుడుస్తాడు. అలాంటివాడికి మంచు దొరికితే ఊరుకుంటాడా అనుకున్నాను.

ఇంటికి వెళ్లాక మా అత్తగారు కాఫీ ఇచ్చారు. చక్కెర వేయడం మరిచిపోయారో, మానేశారో తెలియదు. నేనూ అడగలేదు, తాగేశాను.

ఆదివారం ఉదయం మా బాబాయి దగ్గరికి వెళ్లాను. అప్పట్లో ఊరందరికీ టేపులు అద్దెకిచ్చింది ఆయనే. ఆ సినిమా పాత టేపు ఒక్కటి దొరికితే మంచు ఎంత ఉందో, ఎక్కడ ఉందో చూపించి, పొరపాటే తప్ప కుట్ర కాదని చెప్పవచ్చని నా ఆశ.

"నా దగ్గర అసలు టేపు ఒక్కటే ఉండేది అమ్మడూ" అన్నాడు బాబాయి. "ఊళ్లో తిరిగినవన్నీ దాన్నుంచి ఎక్కించిన కాపీలే, దానికి పిల్లలే."

"ఆ ఒక్కటి ఏది?"

బాబాయి కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశాడు. "మీ అక్కకి చెప్పనంటే చెప్తాను. పెళ్లినాడు ఖాళీ టేపులు అయిపోయాయి. దాని మీదే మీ అక్క పెళ్లి ఎక్కించాను."

మా అక్క ఇల్లు పక్క వీధిలోనే. బాబాయి టేపు ప్లేయరు చంకన పెట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నా వెనక నడిచాడు. అక్క బీరువాలోంచి టేపు తీసి ఇచ్చింది. ముప్పావు వంతు వేగంగా తిప్పాం. నేనూ అక్కా బాబాయీ చూస్తున్నాం; బావ స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

పెళ్లి నడి వేసవిలో, నాలుగు గోడల మధ్య, పైకప్పున్న హాల్లో జరిగింది. టేపులో అందరూ చేతికి దొరికిన కాగితంతో విసురుకుంటున్నారు. బావ మెడ చుట్టూ చొక్కా తడిసిపోయింది. చివర్లో ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఫొటోలు తీస్తుంటే, తెర ఎడమ మూలనుంచి తెల్లటి చుక్క ఒకటి రాలింది. తర్వాత మరొకటి. తర్వాత గుంపుగా.

"అదేమిటే, మీ బావ మీద మంచు పడుతోంది!" అంది అక్క.

"అందుకే అప్పట్నుంచీ జలుబు" అన్నాడు బావ, తలెత్తకుండా.

నేను తెరకు దగ్గరగా జరిగాను. ఎందుకంటే అదే మంచు. ఎడమ మూలనుంచి మొదలవడం, మధ్యలో పెద్దచుక్క ఒకటి వంకరగా జారడం, అన్నీ అవే. అంతలో పెళ్లి తెగిపోయింది. టేపులో మిగిలిన చివరి ముక్క, చెరిగిపోని పాత సినిమా, తెర మీదికి వచ్చింది. డాబా. యంత్రం. చాపిన చెయ్యి. మంచు ఆగలేదు. బావ మీదినుంచి తిన్నగా యంత్రం మీదికి కురుస్తూ వెళ్లింది. పేర్లు పడుతుంటే అక్షరాల మీద కురిసింది. సినిమా అయిపోయి ఏ బొమ్మా లేని తెర మిగిలితే దాని మీదా కురిసింది.

బాబాయి టేపు బయటికి తీసి, మూత ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. చివరి చుట్ల మీద తెల్లగా బూజు; తెర మీద మంచుచుక్కలు పడింది సరిగ్గా అక్కడే.

"వానాకాలం కొట్టు కురిసేది అమ్మడూ. ఎవరూ వచ్చి బొమ్మ బాలేదనలేదు. పైగా ఆ చివరి ముక్క కోసమే మళ్లీ మళ్లీ తీసుకెళ్లేవారు" అన్నాడు.

అక్క ఆయన వంక చూసింది. "అయితే నా పెళ్లికి బూజు పట్టిన టేపు వాడావన్నమాట."

ఆ సంగతి వాళ్లింటి వ్యవహారం, ఈ కేసుకు సంబంధం లేదు.

నాకు అప్పుడు కూడా అనుమానం వచ్చింది. టేపులో బూజు ఉన్నంత మాత్రాన సినిమాలో మంచు లేదని ఎలా చెప్పగలను? సోమవారం ఉదయం ప్లేయరు, టేపు ఇక్కడికి తెచ్చి ఇన్‌స్పెక్టర్ గారికి చూపించాను, ఈ అనుమానం కూడా చెప్పాను. ఆయన రెండుసార్లు చూశారు. మూడోసారి చూసింది కేసు కోసం కాదని నాకనిపించింది. "నేనూ ఏడ్చాను మేడమ్, ఏడో క్లాసులో" అన్నారు. తర్వాత ఆయనే మా ఓనరు గారి చేత జపాన్ కంపెనీకి రాయించారు. ఇవాళ పొద్దున జవాబు వచ్చింది. ఆ సన్నివేశం అసలు బొమ్మ ఫొటో తీసి పంపారు. డాబా ఉంది, చెయ్యి ఉంది. ఆకాశం ఖాళీగా ఉంది.

ఆ ఫొటోను మొదటిసారి తిన్నగా చూశాను. ఇన్నాళ్లూ యంత్రం మంచు పట్టుకుంటోందనుకున్నాను. మంచు లేకపోతే, అది వెళ్లిపోయిన పిల్ల వస్తే పట్టుకోవడానికి చాపిన చెయ్యి. సబ్‌టైటిళ్లు రాసేటప్పుడూ, అచ్చుకు ముందు డిస్కు చూసేటప్పుడూ ఈ సన్నివేశంలో ఏదో తక్కువైనట్టుందని కళ్లజోడు తుడుచుకున్నానే తప్ప, ఆ చెయ్యి ఏమడుగుతోందో చూడలేదు.

మా ఓనరు గారు గంట కిందట ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. డిస్కు అట్ట మీద మరిది పేరు వేస్తామని ఎవరూ అడగకుండానే అన్నారు. మా అత్తగారు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇందాక లోపలికి వచ్చి, ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోసి ఇచ్చారు. ఈసారి చక్కెర ఎక్కువైంది.

నేను ఇది రాస్తుండగా మరిది నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను తలెత్తి, "నిన్ను నమ్మలేదయ్యా" అన్నాను. అతను నా భుజం మీదినుంచి దారప్పోగు ఒకటి తీసి, కిటికీలోంచి ఊది, "రాయి వదినా, అమ్మ ఎదురు చూస్తోంది" అన్నాడు.

శనివారం నేను చెప్పిన "ఉంది" అన్న మాటను దీనితో సరిచేస్తున్నాను. సినిమాలో మంచు లేదు. మేం చూసిన టేపులో ఉంది. మా మరిది దేన్నీ చెరపలేదు. పైన రాసినదంతా నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది; ఇన్‌స్పెక్టర్ గారి ఎదుట మొదటినుంచి చదువుకుని, మార్చవలసింది ఏదీ లేదని తేల్చుకుని కింద సంతకం పెడుతున్నాను. నేను ఒక కాగితాన్ని ఒక్కసారే చదివి సంతకం పెట్టడం ఇదే మొదలు.

(సంతకం)